మూడు వారాల సూది: మన పిల్లల గుండెకు కాపలా



గుండె జబ్బు అనగానే మనకు గుర్తుకు వచ్చేది యాభై ఏళ్లు దాటిన మనిషి, ఛాతీలో నొప్పి, బీపీ, షుగరు. కాని మన ఆసుపత్రి వరండాలో గుండె జబ్బుతో కూర్చున్నవారిలో పదో తరగతి చదివే పిల్లలు, కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలు, చంటిబిడ్డల తల్లులు కూడా ఉంటారు. వీరికి గుండె రక్తనాళాలు పూడుకుపోలేదు. చిన్నతనంలో వచ్చిన గొంతు నొప్పి, ఆ తరువాత వచ్చిన కీళ్ల నొప్పుల జ్వరం వీరి గుండె కవాటాలను, అంటే వాల్వులను, పాడు చేసింది. దీనినే రుమాటిక్ గుండె జబ్బు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 5 కోట్ల 50 లక్షల మంది ఈ జబ్బుతో బ్రతుకుతున్నారు. ఏటా దాదాపు 3 లక్షల 60 వేల మంది దీనివల్ల చనిపోతున్నారు. వీరిలో అత్యధికులు మనవంటి దేశాలవారే.

గత కొన్నేళ్లలో ఈ జబ్బు మీద పెద్ద పెద్ద పరిశోధనలు జరిగాయి. వాటి ఫలితాలు చదివినప్పుడు మాకు ఎంతో ధైర్యం కలిగింది. ఎందుకంటే, ఆ పరిశోధనలలో నెగ్గినవి మనకు అందనంత ఖరీదైన మందులు కావు. మన ఫార్మసీలో ఎన్నో ఏళ్లుగా ఉన్న పెన్సిలిన్ సూది, రక్తం పలచబడే పాత బిళ్ల. అయితే ఆ మందులు పని చేయాలంటే వాటిని క్రమం తప్పకుండా వాడాలి. మన దగ్గర వచ్చిన చిక్కంతా అక్కడే. అందుకే ఈ సంచికలో ఈ విషయాన్ని కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

గొంతు నుంచి గుండె వరకు

స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మక్రిమి పిల్లలకు గొంతు నొప్పి, జ్వరం కలిగిస్తుంది. చాలామందికి నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కాని కొందరిలో రెండు మూడు వారాల తరువాత అసలు కథ మొదలవుతుంది. ఆ క్రిమితో పోరాడటానికి శరీరం తయారు చేసుకున్న రక్షణ శక్తి, పోలికలు చూసి పొరబడి, సొంత కీళ్ల మీదా, గుండె మీదా పడుతుంది. దీనినే రుమాటిక్ జ్వరం అంటారు. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలకు వస్తుంది.

దీని గుర్తులు ఇవి. మోకాలు, చీలమండ, మోచేయి, మణికట్టు వంటి పెద్ద కీళ్లు వాచి నొప్పి పెడతాయి. ఒక కీలు తగ్గుతుండగా మరొకటి మొదలవుతుంది. జ్వరం, ఆయాసం, గుండె దడ ఉండవచ్చు. కొందరు పిల్లల చేతులు, ముఖం వారి స్వాధీనంలో లేకుండా కదులుతుంటాయి. పలక మీద గీత సరిగా గీయలేరు, గ్లాసు జారవిడుస్తారు. అల్లరి అనుకొని ఇంట్లో, బడిలో దండిస్తారు. గాలి సోకిందని మంత్రం వేయించేవారు కూడా ఉన్నారు. అది రుమాటిక్ జ్వరం మెదడుకు తగిలిన గుర్తు కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

కీళ్ల నొప్పులు కొన్ని వారాల్లో పూర్తిగా పోతాయి. ఇంట్లో అందరూ జబ్బు నయమైందని అనుకుంటారు. కీళ్లను వదిలిపెట్టినా గుండెను మాత్రం అది వదిలిపెట్టదు. గుండెలో నాలుగు కవాటాలు ఉన్నాయి. ఇంటి తలుపుల్లాగా అవి రక్తాన్ని ఒకవైపుకే వెళ్లనిస్తాయి. గొంతు నొప్పి మళ్లీ వచ్చి రుమాటిక్ జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ ఆ తలుపులు మరికొంత ముడుచుకుపోతాయి. కొన్ని సరిగా తెరుచుకోవు, కొన్ని సరిగా మూసుకోవు. చివరకు పదేళ్లకో ఇరవై ఏళ్లకో మెట్లెక్కితే ఆయాసం, కాళ్ల వాపు, పడుకుంటే ఊపిరి అందకపోవడం కనబడతాయి.

కాబట్టి మొదటి జ్వరం తరువాత రెండోది, మూడోది రాకుండా చూడటమే చికిత్సలో ముఖ్యమైన భాగం. పెన్సిలిన్ సూది చేసే పని అదే.

స్టెతస్కోపుకు దొరకనిది ఎకోలో కనబడుతుంది

మన తెలుగువారికి బాగా తెలిసిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు 2001-2002లో ఆ జిల్లా గ్రామీణ బడుల్లో సుమారు 2 లక్షల 30 వేల మంది పిల్లలను పరీక్షించారు. వెయ్యిమందిలో 0.68 మందికి, అంటే పదివేలమందిలో దాదాపు ఏడుగురికి, ఈ జబ్బు కనబడింది. అంతకు ముందు కాలంతో పోల్చితే జబ్బు తగ్గుతున్నదని వారు తేల్చారు. ఇది సంతోషించవలసిన విషయమే.

అయితే 2011లో ప్రచురించిన మరొక పరిశోధన మనల్ని ఆలోచింపజేస్తుంది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో ఢిల్లీ వైద్యులు 6,270 మంది బడిపిల్లలను చూశారు. స్టెతస్కోపు పెట్టి విన్నప్పుడు వెయ్యికి 0.8 మందిలో మాత్రమే జబ్బు తెలిసింది. అదే పిల్లలకు ఎకో, అంటే గుండె స్కానింగ్, చేస్తే వెయ్యికి 20 మందిలో కవాటాలలో మార్పులు కనబడ్డాయి. అంటే చెవికి వినబడని దశలో, ఏ బాధా లేకుండా ఆడుకుంటున్న పిల్లల్లో కూడా జబ్బు మొలక దశలో దాగి ఉండవచ్చు.

అప్పటి నుంచి వైద్యులను ఒక ప్రశ్న వేధిస్తూ వచ్చింది. ఇలా దాగి ఉన్న జబ్బును ముందే పట్టుకొని సూది మొదలుపెడితే మేలు జరుగుతుందా? లేక ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు అనవసరంగా సూదులు పొడిచినట్లవుతుందా?

ఉగాండా పిల్లల ద్వారా దొరికిన జవాబు

ఆ ప్రశ్నకు జవాబు ఆఫ్రికాలోని ఉగాండా దేశం నుంచి వచ్చింది. ఆ దేశపు ఉత్తర భాగంలో గులు అనే పట్టణం ఉంది. అక్కడ జరిగిన పరిశోధన పేరు గోల్. దాని ఫలితాలు 2021 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో వెలువడ్డాయి.

5 నుంచి 17 ఏళ్ల లోపు పిల్లలు 1,02,200 మందికి ఎకో చేశారు. వారిలో దాగి ఉన్న రుమాటిక్ గుండె జబ్బు రూఢి అయిన 818 మందిని చీట్లు వేసినట్లుగా రెండు సమాన గుంపులు చేశారు. ఒక గుంపుకు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేశారు. రెండో గుంపుకు సూది వేయకుండా గమనిస్తూ వచ్చారు. రెండేళ్ల తరువాత అందరికీ మళ్లీ ఎకో చేశారు. ఎవరు ఏ గుంపువారో తెలియని వైద్యులు ఆ ఎకోలను పరిశీలించారు.

సూది వేయించుకోని 400 మందిలో 33 మందికి జబ్బు ముదిరింది. సూది వేయించుకున్న 399 మందిలో ముగ్గురికి మాత్రమే ముదిరింది. ఇంకోలా చెప్పాలంటే, పదముగ్గురు పిల్లలకు రెండేళ్లు సూది వేస్తే, వారిలో ఒకరి గుండె కవాటం మరింత పాడు కాకుండా ఆగింది. మందు వల్ల తీవ్రమైన ఇబ్బంది పడినవారు ఇద్దరే.

ఇందులో మరొక పాఠం కూడా ఉంది. ఆ పిల్లలు సంవత్సరాల తరబడి విడిచిపెట్టకుండా రావడానికి అక్కడివారు ప్రత్యేక ఏర్పాట్లు చేశారు. పిల్లలను చిన్న చిన్న బృందాలుగా కలిపారు. ఒక్కొక్కరినీ కనిపెట్టుకొని ఉండే కార్యకర్తలను పెట్టారు. మందు మంచిదైనా, మనిషి వెంట మనిషి లేకపోతే అది శరీరంలోకి చేరదు. ఈ పాఠం మన సంఘాలకు సరిగ్గా సరిపోతుంది.

ఈ ఫలితం చూసి ప్రతి బిడ్డకూ ఎకో తీయించాలని మేము చెప్పడం లేదు. కీళ్ల నొప్పుల జ్వరం వచ్చిన బిడ్డకు, ఇంట్లో అన్నకో అక్కకో ఈ జబ్బు ఉన్న బిడ్డకు, ఆటల్లో తోటివారికంటే ముందే ఆయాసపడే బిడ్డకు మాత్రం ఒకసారి డాక్టరు సలహా తీసుకోవడం మంచిది.

సూది విషయంలో మేము తరచుగా వినే మాటలు

"ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా, ఇంకా సూది ఎందుకండీ?" బాగుండటానికి కారణం ఆ సూదే. ఇది నొప్పి తగ్గించే మందు కాదు, కాపలా మందు. ఊళ్లో దొంగలు పడటం లేదని కాపలావాణ్ణి పంపించేయం కదా. కండలోకి ఇచ్చిన ఈ మందు కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతూ మూడు నాలుగు వారాలు పని చేస్తుంది. ఈ జబ్బు ఎక్కువగా ఉన్న మన దేశంలో మూడు వారాలకొకసారి వేయించమంటారు. బరువు తక్కువగా ఉన్న చిన్నపిల్లలకు తక్కువ మోతాదులో ఇంకా దగ్గర దగ్గరగా వేయవలసి రావచ్చు. ఒక్క సూది తప్పినా ఆ రోజులు తలుపు తెరిచి పెట్టినట్లే.

"ఎన్నేళ్లు వేయించాలి?" గుండెకు ఏమీ తగలని పిల్లలకు కనీసం 5 ఏళ్లు లేదా 21 ఏళ్ల వయసు వచ్చేవరకు, వీటిలో ఏది ఎక్కువైతే అది. గుండెకు తగిలి పూర్తిగా సర్దుకున్నవారికి 10 ఏళ్లు లేదా 21 ఏళ్ల వయసు వరకు. కవాటం పాడైనవారికి 10 ఏళ్లు లేదా 40 ఏళ్ల వయసు వరకు, కొందరికి జీవితాంతం. ఎప్పుడు ఆపాలో నిర్ణయించవలసినది ఎకో చూసిన డాక్టరే.

"చాలా నొప్పి, పిల్లవాడు ఏడుస్తాడు." నిజమే. ఈ మందు చిక్కగా ఉంటుంది, సూది కూడా కాస్త లావుగా ఉంటుంది. మందును చల్లగా కాక గది వేడికి వచ్చాక, నెమ్మదిగా ఇస్తే నొప్పి తగ్గుతుంది. మత్తు మందు కొంచెం కలిపి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. భయపడే పిల్లల సంగతి ముందుగానే సిస్టరుగారికి చెప్పండి.

"ఇన్ని సూదులు వేయిస్తే ఒళ్లు వేడి చేస్తుంది, అమ్మాయికి పిల్లలు పుట్టరు అంటున్నారు." ఈ మాటలో నిజం లేదు. పెన్సిలిన్ సంతానానికి అడ్డు కాదు. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు కూడా వేయించుకోవచ్చు, మానకూడదు కూడా. గర్భం వచ్చినప్పుడు ఒంట్లో రక్తం పెరిగి గుండె మీద బరువు ఎక్కువవుతుంది. అప్పటిదాకా బయటపడని వాల్వు జబ్బు ఏడో నెలలోనో, కాన్పు సమయంలోనో ఒక్కసారిగా ఆయాసంతో బయటపడుతుంది. పెళ్లి సంబంధాలు చూస్తున్నామని అమ్మాయికి సూది మాన్పించడం ఆమె ప్రాణానికే ముప్పు. పెళ్లికి ముందు ఒకసారి, గర్భం అనుకున్నప్పుడు మరొకసారి గుండె పరీక్ష చేయించి, ఉన్న సంగతి అత్తవారింట ధైర్యంగా చెప్పాలి. దాచిపెట్టిన జబ్బుకు మందు వేయడం ఎవరి తరమూ కాదు.

"సూది పడక ఎవరో చనిపోయారట." పెన్సిలిన్ పడనివారు కొద్దిమంది ఉంటారు. అందుకే ఆసుపత్రిలోనే వేయించుకోవాలి, ఆ తరువాత అరగంట కూర్చోవాలి. 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు మరొక సంగతి తెలిపారు. సూది తరువాత జరిగిన కొన్ని మరణాలకు కారణం మందు పడకపోవడం కాకపోవచ్చుననీ, బాగా ముదిరిన గుండె జబ్బు ఉన్నవారు నొప్పికి, భయానికి కుప్పకూలడం కావచ్చుననీ వారు వివరించారు. కాబట్టి కవాటం తీవ్రంగా పాడైనవారికి, గుండె బలం బాగా తగ్గినవారికి సూదికి బదులు బిళ్లలు ఇచ్చే విషయం ఆలోచించమని సలహా ఇచ్చారు. ఈ నిర్ణయం డాక్టరుది. మీకు మీరుగా సూది మాని బిళ్లలకు మారవద్దు. అందరూ పరగడుపున రాకుండా ఏమైనా తిని, నీళ్లు తాగి వచ్చి, పడుకొని సూది వేయించుకోవడం క్షేమం.

రక్తం పలచబడే బిళ్ల: పాతదే మేలు

కవాటం పాడైనవారిలో కొందరికి గుండె లయ తప్పుతుంది. గుండె గదిలో రక్తం నిలిచి గడ్డ కట్టి, అది మెదడుకు వెళితే పక్షవాతం వస్తుంది. అది రాకుండా వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి బిళ్లలు ఇస్తాము. వీటితో ఒక ఇబ్బంది ఉంది. రక్తం ఎంత పలచబడిందో తెలుసుకోవడానికి తరచు ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకోవాలి. ఈ పరీక్ష అవసరం లేని కొత్త మందులు వచ్చాయి. వాటికి మారుస్తారా అని చాలామంది అడుగుతున్నారు.

దీనికి జవాబు 2022లో దొరికింది. ఇన్విక్టస్ అనే పరిశోధనలో ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాలలోని 24 దేశాల నుంచి రుమాటిక్ గుండె జబ్బుతో పాటు గుండె లయ తప్పిన 4,531 మందిని పరిశీలించారు. సగటు వయసు 50 ఏళ్లు. ప్రతి నలుగురిలో ముగ్గురు స్త్రీలే. సగం మందికి రివరాక్సబాన్ అనే కొత్త మందు, సగం మందికి వార్ఫరిన్ జాతి పాత మందు ఇచ్చారు. కొత్త మందు తీసుకున్న 2,275 మందిలో 552 మంది చనిపోయారు. పాత మందు తీసుకున్న 2,256 మందిలో 442 మంది చనిపోయారు. ప్రమాదకరమైన రక్తస్రావంలో చెప్పుకోదగిన తేడా లేదు. కొత్త మందే మెరుగ్గా ఉంటుందని ఎదురుచూసిన వైద్యులు కూడా ఈ ఫలితానికి ఆశ్చర్యపోయారు.

లోహపు వాల్వు అమర్చుకున్నవారి విషయంలోనూ ఇలాగే జరిగింది. డాబిగాట్రాన్ అనే మరో కొత్త మందుతో చేసిన పరిశోధనలో రక్తపు గడ్డలు, రక్తస్రావం ఎక్కువ కావడంతో దానిని మధ్యలోనే ఆపివేశారు. ఆ వివరాలు 2013లో వెలువడ్డాయి. కనుక వాల్వు జబ్బు ఉన్నవారు పక్కింటివారు వాడుతున్నారని చెప్పి మందు మార్చుకోవద్దు. ఐ.ఎన్.ఆర్. పరీక్ష తేదీ తప్పవద్దు. ఆకుకూరలు పూర్తిగా మానవలసిన పని లేదు, రోజూ ఒకే పాళంలో తినండి. నొప్పుల బిళ్లలు, నాటు మందులు డాక్టరును అడగకుండా మింగవద్దు. వార్ఫరిన్ జాతి మందులు గర్భంలోని బిడ్డకు హాని చేయవచ్చు. నెల తప్పిందని అనుమానం రాగానే, ఇంకా మంచిది ముందుగానే, డాక్టరుతో మాట్లాడాలి.

హైదరాబాదు నుంచి లోకానికి

సన్నబడిన కవాటాన్ని ఛాతీ కోయకుండా తెరిచే బెలూన్ చికిత్స గురించి కూడా చెప్పాలి. 1982లో జపాన్‌కు చెందిన డాక్టర్ ఇనోయె దీనిని మొదలుపెట్టారు. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, ఇరుకైన కవాటం మధ్య బెలూన్ ఉబ్బించి తెరుస్తారు. ఇది ఆపరేషన్‌కు సాటి రాగలదా అన్న ప్రశ్నకు జవాబు వెదికినవారిలో మన తెలుగు డాక్టర్లు ఉన్నారు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ బి. సోమరాజు గారి బృందం, అమెరికాలోని డెట్రాయిట్ వైద్యులతో కలిసి 60 మంది రోగులపై పరిశోధన చేసింది. 30 మందికి బెలూన్, 30 మందికి గుండె తెరిచి చేసే ఆపరేషన్. మూడేళ్ల తరువాత చూస్తే బెలూన్ చేయించుకున్నవారి కవాటాలే ఎక్కువ విశాలంగా ఉన్నాయి. ఈ ఫలితాలు 1994లో వెలువడ్డాయి. కవాటం తీరు అనుకూలంగా ఉన్నవారికి బెలూన్ ముందుగా ఎంచుకోవలసిన చికిత్సగా నిలవడానికి ఈ పరిశోధన తోడ్పడింది.

అయితే ఒక మాట. బెలూన్ చేసినా, వాల్వు మార్చినా పెన్సిలిన్ సూది ఆపమని కాదు. మిగిలిన కవాటాలను కాపాడవలసిన పని అలాగే ఉంటుంది.

మన ఇళ్లలో, మన సంఘాల్లో చేయగలిగినవి

1. బిడ్డకు జ్వరంతో గొంతు నొప్పి వస్తే, మింగలేకపోతే, మెడ గ్రంథులు వాస్తే ఉప్పు నీళ్లతో సరిపెట్టక డాక్టరుకు చూపించండి. మొదలైన 9 రోజుల లోపు సరైన మందు పడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. ఇచ్చిన మందు జ్వరం తగ్గినా పూర్తిగా వాడండి.

2. సూది తేదీలు వ్రాసిన కార్డును బైబిలు ప్రక్కనో, గోడ క్యాలెండరు మీదనో కనబడేలా ఉంచండి. రాబోయే మూడు తేదీలు ముందే గుర్తు పెట్టుకోండి.

3. పనికి వలస వెళ్లేటప్పుడు, బిడ్డను హాస్టలులో చేర్చేటప్పుడు కార్డు, ఎకో రిపోర్టు వెంట పంపండి. అక్కడ దగ్గరలోని ఆసుపత్రిలో సూది వేయించే ఏర్పాటు ముందే చేసుకోండి.

4. పళ్లు శుభ్రంగా ఉంచుకోండి. పాడైన పళ్ల నుంచి క్రిములు రక్తంలోకి చేరి దెబ్బతిన్న కవాటాల మీద పట్టుకుంటాయి. పన్ను పీకించుకునే ముందు గుండె జబ్బు ఉందని దంత వైద్యునికి చెప్పండి.

5. సండే స్కూలు టీచర్లు, స్త్రీల సమాజం సభ్యులు తమ సంఘంలో సూది వేయించుకునే పిల్లలు ఎవరో తెలుసుకొని, ఆ వారం గుర్తు చేయండి. తండ్రికి కూలి పోతుందని బిడ్డ సూది ఆగిపోయే ఇల్లు ఉంటే, తోడుగా ఆసుపత్రికి తీసుకురండి. బిడ్డ జబ్బు సంగతి పదిమందిలో చెప్పకుండా మర్యాద కాపాడండి.

జబ్బుగా ఉన్నవారి కోసం మన సంఘాలు ప్రార్థించడం ఎప్పుడూ మానలేదు. ఆ ప్రార్థనతో పాటు, మూడు వారాలకొకసారి ఒక బిడ్డ చేయి పట్టుకొని ఆసుపత్రి మెట్లు ఎక్కించమని మిమ్మల్ని ప్రేమతో కోరుచున్నాము. సూది తప్పి నెలలు గడిచినవారు మాటలు పడవలసి వస్తుందని సంకోచించవద్దు. కార్డు పోయినా రండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఆ రోజు నుంచే మళ్లీ మొదలుపెడదాము.

దేవుడు మీ కుటుంబాలను, మీ పిల్లలను కాపాడును గాక.